అనధికార పచ్చదనం

రేవుపురం మున్సిపాలిటీకి పై గ్రేడు రావలసి ఉంది గాని జనాభా చాలలేదు. జనాన్ని అప్పటికప్పుడు పుట్టించడం ఎంత సమర్థుడైన కమిషనరుకైనా సాధ్యం కాదు కనక చుట్టుపక్కల ఊళ్ళను కలిపేసుకున్నారు. అలా కలిసిన వాటిలో తుంగలగరువు ఒకటి. కలిసిన కొద్ది రోజులకే ఆ ఊరికి వార్డు నంబరు వచ్చింది, ఇంటిపన్ను పెరిగింది, ఊరి మొదట్లో "నగరంలోకి స్వాగతం" అని సిమెంటు ఆర్చి లేచింది. ఆర్చికి ఇవతల వరిచేలు, అవతలా వరిచేలే. నగరం ఎక్కడ మొదలవుతుందో తెలియని పశువులు పాపం ఇదివరకటిలాగే అటూ ఇటూ తిరుగుతుండేవి.

ఆ ఆర్చికి కూతవేటు దూరంలో ధనకోటికి ముప్పై సెంట్ల చెక్క ఉంది. గరువు నేల, ఇసక పాలు ఎక్కువ, ఆకుకూరలకు బాగా అనువైనది. మడులు కట్టి గోంగూర, తోటకూర, బచ్చలి పెంచేది. భర్త భద్రానికి మోకాళ్ళు అరిగిపోయి నడక లేదు. అరుగు మీద కూర్చుని అరటినారతో కట్టలు కట్టి ఇచ్చేవాడు. ఆ కట్టలు గంపకెత్తుకుని ధనకోటి రేవుపురం వీధుల్లో అమ్ముకొచ్చేది. ఆమె కేక ఈ వీధిలో వేస్తే పై వీధిలో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని బయటికొచ్చేవారు. ఆమె గోంగూర పులుపు మరిగినవాళ్ళు మరొకరి దగ్గర కొనేవారు కారు. ఆ ఇల్లు నడిచేది ఆ చెక్క మీదే.

ఒకనాడు ఆమె గోంగూర మడిలో కలుపు తీస్తుంటే మెడలో ఎర్ర తాడుతో గుర్తింపు కార్డు వేలాడేసుకున్న మనిషి గట్టు మీద నిలబడ్డాడు. పేరు పరాంకుశం. టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు. నూలు చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు, చేతిలో టేపు.

"ఇదేంటమ్మా?" అన్నాడు.

"గోంగూరండి."

"పేరు అడగలేదు. కేటగిరీ అడిగాను."

ధనకోటికి అర్థం కాలేదు. "ఎర్ర గోంగూరండి," అంది, అంతకు మించి వివరం ఏముంటుందో తెలియక.

పరాంకుశం ఓపికగా చెప్పాడు. "చూడమ్మా, నగరంలో పచ్చదనం రెండు రకాలు. రోడ్డు మధ్య డివైడర్లలో, పార్కులో మేం పెంచేది అధీకృత పచ్చదనం. తక్కినదంతా అనధికార పచ్చదనం."

"మీరు పెంచేది తింటారాండి?"

"తినరు. చూస్తారు."

"ఇది తింటారండి."

"వచ్చిన చిక్కల్లా అదే. తినేదైతే వ్యవసాయం కిందికొస్తుంది. మాస్టర్ ప్లానులో నీ భూమి మిశ్రమ వాణిజ్య మండలం. ఇందులో షాపింగ్ మాల్ కట్టుకో, సినిమా హాలు కట్టుకో, నక్షత్రాల హోటలు కట్టుకో, ఎవరూ అడ్డు చెప్పరు. తోటకూర మాత్రం వెయ్యకూడదు."

"మాలు కట్టే డబ్బులుంటే తోటకూర ఎందుకేత్తానండి?"

"అది ఆర్థిక సంబంధమైన ప్రశ్న. మా విభాగం కాదు," అని పరాంకుశం జరిమానా రాశాడు.

ఆయన చెడ్డవాడు కాదు. లంచగొండి అంతకన్నా కాదు. పైనుంచి వచ్చిన కాగితాన్ని చదివి, అర్థం చేసుకుని, దానికి కష్టం కలగకుండా చూసుకునే మనిషి. ఆయన వెనకాల వచ్చిన బిల్లు కలెక్టరు మాత్రం ఊరందరి దగ్గరా కాఫీ ఖర్చులు పుచ్చుకుని, ఏ చేలోనూ ఏమీ మొలవలేదని రాసుకుని వెళ్ళాడు. ధనకోటి ఒక్కతే జరిమానా కట్టి రసీదు అడిగింది. రేషన్ షాపులో ఒకసారి మోసపోయిన దగ్గర్నుంచి దేనికైనా చీటీ అడగడం ఆమెకు అలవాటు.

ఆ ఏడాది ఆఖర్లో "రేవుపురం నగర పరిధిలో వ్యవసాయం సంపూర్ణంగా నిర్మూలించబడింది" అని పైకి నివేదిక వెళ్ళింది. అంతకు ముందు మలేరియా గురించి అలాంటి నివేదికే పంపారు. ఆ కాగితాన్నే ముందు పెట్టుకుని రోగం పేరున్న చోట వ్యవసాయం అని మార్చారు. కమిషనరు గారికి షీల్డు వచ్చింది.

ధనకోటి ఏం చేస్తుంది? పాత చీరలు కట్టి చుట్టూ మరుగు పెట్టి ఆకుకూరలు పెంచుతూనే ఉంది. ఎవరైనా అడిగితే, "మేం వెయ్యలేదండి, దానంతటదే మొలిచింది" అనేవాడు భద్రం అరుగు మీద నుంచి.

కొన్నాళ్ళకు పరాంకుశం మళ్ళీ వచ్చాడు. ధనకోటి చీరల మరుగు సవరిస్తూ నిలబడింది. కాని ఈసారి ఆయన చేతిలో టేపు లేదు, శాలువా ఉంది. మెడలో తాడు ఎరుపు కాదు, ఆకుపచ్చ.

"నమస్కారమమ్మా! మీకోసం ఊరంతా గాలించాం," అంటూ శాలువా కప్పేశాడు.

ఎందుకో తర్వాత చెప్పాడు. నగర వ్యవసాయం అనేది ఇవాళ ప్రపంచమంతటా నడుస్తున్న ధోరణి. పశ్చిమాఫ్రికాలో నబోరీ అనే ప్రాంతంలో అది బ్రహ్మాండంగా విజయవంతమైందని ఒక అంతర్జాతీయ సంస్థ రంగుల పుస్తకం వేసింది. అది చదివి పైవాళ్ళు ప్రతి మున్సిపాలిటీలోనూ నగర రైతులు ఉండి తీరాలని ఆదేశించారు. రేవుపురంలో చూస్తే రైతులు నిర్మూలించబడ్డారు. ఒకరినైనా చూపించకపోతే కమిషనరు గారి పరువు పోతుంది. అప్పుడు రికార్డులన్నీ తిరగేస్తే, ఈ నగరంలో వ్యవసాయం జరిగినట్టు ప్రభుత్వం దగ్గరున్న ఏకైక ఆధారం ధనకోటి కట్టిన జరిమానా.

"అంటే ఈ నగరానికి మీరు ఏకైక ధ్రువీకృత రైతు," అన్నాడు పరాంకుశం గద్గదంగా.

"ఆ ఫైను రాసింది తవరే కదండీ?"

"అది టౌన్ ప్లానింగ్ పరాంకుశం. నేను పట్టణ వ్యవసాయ విభాగం ఇన్‌చార్జి పరాంకుశాన్ని. ఆ విభాగంతో మాకు సంబంధం లేదు."

ధనకోటి ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. ఆయన హాస్యమాడటం లేదు.

"అయితే ఇంకనించి మా చెక్కలో మేం పండించుకోవచ్చాండి?"

"అబ్బే! నేల మీద చేస్తే అది గ్రామీణ వ్యవసాయం. మాది పట్టణ వ్యవసాయం. కనీసం ఒక అంతస్తు ఎత్తున చెయ్యాలి. మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మీకు మేడ ఉందా?"

ధనకోటిది పెంకుటిల్లు. పరాంకుశం తలెత్తి దాని కప్పు వాలు చూసి పెదవి విరిచాడు. చివరికి మున్సిపల్ ఆఫీసు మేడనే ఆమెకు కేటాయించారు.

"మరి మట్టండీ?"

"మట్టి అనకూడదు, పెంపక మాధ్యమం అనాలి. అది లబ్ధిదారు వాటా. మీరే తెచ్చుకోవాలి."

వద్దంటే ఏమవుతుందని భద్రం అరుగు మీద నుంచి అడిగాడు. ఏమీ కాదనీ, టౌన్ ప్లానింగ్ పరాంకుశం వచ్చి చెక్కలో ఉన్న బోరుకు సీలు వేస్తాడనీ పరాంకుశం సానుభూతిగా చెప్పాడు. ఆయన ఎలాంటివాడో తనకు బాగా తెలుసన్నాడు.

ఆయన వెళ్ళాక మొగుడూ పెళ్ళాలు బోరు వైపు చూశారు. బోరు పోతే ఆ చెక్క ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"పోనీలే ధనం," అన్నాడు భద్రం. "మన మట్టే కదా. మనతోనే వత్తాది."

మట్టి ట్రాక్టరులో ఆఫీసు దాకా వచ్చింది. అక్కడి నుంచి మేడకు మెట్లు. లిఫ్టు ఉంది గాని, మాధ్యమాన్ని లిఫ్టులో ఎక్కించకూడదని గోడకు నోటీసు అంటించారు. ధనకోటి, పక్కింటి వెంకాయమ్మ, ఇంకా నలుగురు ఆడకూలీలు తట్టలు మోశారు. ఏళ్ళ తరబడి పేడ వేసి, ఆకు కుళ్ళబెట్టి, మెత్తగా చేసుకున్న పైమట్టి. అది సరిపోలేదని కిందిమట్టీ తోడారు. పని అయ్యేసరికి చెక్కలో నడుం లోతు గొయ్యి మిగిలింది. ధనకోటి మేడ మీద మడులు కట్టి విత్తనం చల్లింది.

అక్కణ్ణుంచి ఆమె రైతు కాదు, దాదాపు ఉద్యోగిని. పదింటికి రావాలి, అయిదింటికి వెళ్ళాలి. ఆదివారాలు, పండగలు గేటు తీయరు. ఆ రోజుల్లో మొక్కలు దాహంతో వేలాడిపోయేవి. పొద్దున వేలిముద్ర వేయాలి. ఎన్నాళ్ళుగానో మట్టిలో అరిగిపోయిన బొటనవేలిని ఆ యంత్రం గుర్తుపట్టేది కాదు. రోజంతా ఎండలో పనిచేసినా సాయంత్రానికి ఆమె గైర్హాజరు. కుళాయి నీళ్ళు తాగడానికని రాసి ఉంది కనక, మొక్కలు తాగితే అది తాగునీటి కిందికి వస్తుందా రాదా అనే ఫైలు మూడో అంతస్తు నుంచి మొదటి అంతస్తుకు దిగుతూ ఎక్కుతూ ఉండేది. ఈలోగా ఆమె వీధి పంపు నుంచి బిందెలతో మోసింది.

ఇన్ని చేసినా మొక్కలు మాత్రం దివ్యంగా వచ్చాయి. వాటికి విభాగాల సంగతి తెలియదు. కోతకు వచ్చిన రోజున ధనకోటి సంబరంగా గంప పట్టుకుని మెట్లెక్కింది. పరాంకుశం అడ్డం వచ్చాడు.

"కోస్తారా? ఎలా కోస్తారు? ఇది ప్రదర్శన పంట. నబోరీ నుంచి ప్రతినిధి బృందం వస్తోంది. వాళ్ళు చూసేదాకా ఆకు తుంచకూడదు."

"ఎప్పుడొత్తారండి?"

"వీసాలు రావాలి."

"తోటకూర ముదిరిపోద్దండి బాబూ! వీసాల కోసం అదాగుద్దా?"

"ముదిరితే ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. మంచిదే," అన్నాడు ఆయన.

తోటకూర ముదిరి కర్రలైంది. గోంగూర పూతకొచ్చింది. ధనకోటి ఇంట్లో గంప బోర్లా పడి ఉంది. రేవుపురం ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లో కొన్నాళ్ళు చూసి, మానేశారు. వెంకాయమ్మ బియ్యం బదులిస్తే తిన్నారు.

వానాకాలం వచ్చింది. చెక్కలోని గొయ్యి నిండింది. ఒక సాయంత్రం ధనకోటి ఆఫీసు నుంచి వచ్చేసరికి గొయ్యి చుట్టూ ఇనుప కంచె, కంచెకు బోర్డు: "నగర సరస్సు నంబరు నాలుగు. ఈత నిషేధం." బోర్డు పక్కన పరాంకుశం. మెడలో నీలం తాడు.

ధనకోటి కంచె దగ్గరికి పరుగెత్తింది.

"ఏం పనండి ఇది? ఇది మా పొలం!"

"పొలమంటే మట్టి ఉండాలి కదమ్మా. మట్టి ఏది?"

"మేడ మీదుంది! మీరే కదా మోయించారు!"

"అది పట్టణ వ్యవసాయ విభాగం. నేను జలవనరుల పునరుద్ధరణ విభాగం." ఆయన గొంతు తగ్గించాడు. "మా లెక్క ప్రకారం ఈ నగరంలో నాలుగు సరస్సులుండాలి. మూడింటి మీద అపార్టుమెంట్లు లేచాయి. వాటి జోలికి వెళ్ళడం కుదరదు. నాలుగోది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దేవుడు పంపినట్టు ఇది దొరికింది."

"దేవుడు పంపలేదండి, నేను తవ్వాను! నా నడుమడగండి చెబుద్ది!" అని ధనకోటి ఆ కంచె పట్టుకుని ఊపింది. నీళ్ళలో తన మడులు ఎక్కడెక్కడ ఉండేవో ఆమెకు ఇంకా తెలుసు. అదిగో ఆ మూల బచ్చలి పందిరి, ఇటు గోంగూర. ఏడుపు ముంచుకొచ్చింది గాని పరాంకుశం ముందు ఏడవడం ఇష్టం లేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ఇబ్బందిగా నిలబడి, ఫిర్యాదు ఏదైనా ఉంటే సరస్సు ప్రారంభోత్సవానికి వచ్చే కమిషనరు గారికి ఇవ్వచ్చని సలహా చెప్పాడు. కమిషనరు గారు వచ్చి, శిలాఫలకం మీద తెర లాగి, బాతు బొమ్మ పడవలో ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయారు. పడవ చిన్న గొయ్యిలో తిరగలేక గట్టుకు గుద్దుకుంటుంటే జనం చప్పట్లు కొట్టారు.

వీసాలు వచ్చాయి. నబోరీ బృందం వచ్చింది.

మేడ మీద షామియానా వేశారు, ఫ్లెక్సీలు కట్టారు. ధనకోటికి కొత్త చీర కట్టించి ముదిరిపోయిన తోటకూర మధ్య నిలబెట్టారు. బృందంలో కోట్లు వేసుకున్న ఆఫీసర్లు కొందరు, వాళ్ళ పెద్ద డైరెక్టర్ ఇద్రిసు. వాళ్ళ వెనకాల, పూల బట్ట తలకు చుట్టుకున్న పొడగరి ఆడమనిషి ఒకామె నిశ్శబ్దంగా వచ్చింది. పేరు రహీనాతు అని చెప్పారు. నబోరీ తొలి నగర రైతట. ధనకోటి ఆమె మొహం కన్నా ముందు ఆమె కాళ్ళు చూసింది. మడమలు పగిలి ఉన్నాయి, తన మడమల్లాగే.

వచ్చినవాళ్ళ ఇంగ్లీషును మైకులో తెలుగు చెయ్యడానికి కాలేజీ లెక్చరర్ సుభాషిణి గారిని పిలిచారు. రహీనాతుకు ఇంగ్లీషు రాదు. ఆమె మాట ఇద్రిసు ఇంగ్లీషులోకి మార్చాలి, దాన్ని సుభాషిణి గారు తెలుగులోకి తేవాలి. తిరుగు ప్రయాణం కూడా అంతే.

ముందు ఇద్రిసు మాట్లాడాడు. "నబోరీలో మేము ఒక కొత్త నగరాన్ని గీశాం. గీసిన చోట వేరుశనగ, జొన్న, ఆకుకూరల పొలాలున్నాయి. ఆమోదం పొందిన గీతను మార్చడం సాధ్యం కాదు కనక పొలాలను మార్చాం. ఈ సోదరి మట్టిని ఆరంతస్తుల భవనం మీదికి చేర్చాం."

"ఆవిడ పొలమున్న చోట ఇప్పుడేముందో అడగండమ్మా," అంది ధనకోటి.

సుభాషిణి గారు అడిగారు. "బస్‌స్టేషన్ అట. బస్సులు ఇంకా రాలేదట."

తర్వాత లబ్ధిదారులిద్దరూ అనుభవాలు పంచుకోవాలన్నారు. ధనకోటి మైకు పట్టుకుని, "ఇదంతా నా పొలం మట్టేనమ్మా. మోసి మోసి నడుం పడిపోయింది. కొయ్యనివ్వరు, అమ్మనివ్వరు. అక్కడ పొలం చూత్తే చెరువు చేసేశారు. మేం ఏం తిని బతకాలి?" అంది.

సుభాషిణి గారు కమిషనరు వైపు ఒకసారి చూసి ఇంగ్లీషులో ఏదో చిన్న మాట చెప్పారు. మట్టితో ఆవిడకు గాఢమైన అనుబంధం ఏర్పడిందని చెప్పానని ఆ తర్వాత ఆవిడే ఒప్పుకున్నారు. ఇద్రిసు ఆ చిన్న మాటను ఇంకా చిన్నది చేసి రహీనాతుకు అందించాడు. రహీనాతు ధనకోటి మొహం చూసింది. వచ్చిన మాట ఆ మొహానికి సరిపోలేదని ఆమెకు అర్థమైనట్టుంది. ఆమె లేచి చాలాసేపు మాట్లాడింది. చేతులు విసురుతూ, గొంతు పెంచుతూ, మధ్యలో ఒకసారి ఇద్రిసు వైపు వేలు చూపిస్తూ మాట్లాడింది. ఇద్రిసు నుదురు తుడుచుకుని రెండు మాటలు అన్నాడు.

"ఆవిడ చాలా సంతోషంగా ఉన్నారట," అన్నారు సుభాషిణి గారు.

జనం చప్పట్లు కొట్టారు. రహీనాతు మాట్లాడటం మానేసి నేరుగా మడిలోకి నడిచింది. గోంగూర మొక్క దగ్గర ఆగి, చిగురాకు తుంచి నోట్లో వేసుకుంది. నములుతూ కళ్ళు చిట్లించింది. ఆ పులుపు ఆమెకు కొత్త కాదు. వాళ్ళ ఊళ్ళోనూ ఆ ఆకుతోనే పులుసు కాస్తారని ఇద్రిసు చెప్పాడు. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని వాళ్ళ భాషలో ఆ ఆకు పేరు చెప్పింది. ధనకోటి, "గోంగూర" అంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పలకబోయి పలకలేక నవ్వారు. రహీనాతు మట్టిని చూపించింది, కిందికి వీధి వైపు చూపించింది, తన నడుం పట్టుకుని వంగి చూపించింది. ఆ మాత్రానికి ధనకోటికి ఎవరి ఇంగ్లీషూ అవసరం లేకపోయింది.

అప్పుడు రహీనాతు వంగి గుప్పెడు మట్టి తీసి, పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, కిందికి విసిరేసింది.

కమిషనరు గారు ఇది వాళ్ళ దేశపు ఆచారం కాబోలనుకుని, అతిథిని అవమానించకూడదని తానూ గుప్పెడు మట్టి తీసి కిందికి విసిరారు. ఇద్రిసు ఇది తెలుగువాళ్ళ సంప్రదాయమనుకుని భక్తిగా ఇంకో గుప్పెడు విసిరాడు. ఆ వెనక ఆఫీసర్లు వరస కట్టారు. ఫోటోలు తీశారు. కింద గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ తల దులుపుకుంటూ పైకి చూశాడు. రహీనాతు ధనకోటి వైపు తిరిగి కన్ను గీటింది.

భోజనాలకు ముందు చిన్న చిక్కు వచ్చింది. "ఇంత గొప్ప ఆలోచన మీకెలా తట్టింది? మీ ఆసియా నమూనా చదివే మేం మొదలుపెట్టాం," అన్నాడు ఇద్రిసు. కమిషనరు నవ్వి, "మీ వినయం! ఇది నబోరీ నమూనా కదా," అన్నారు. ఇద్దరూ పుస్తకాలు తీశారు. ఒకే అట్ట, ఒకే సంస్థ, ఒకే మేడ ఫోటో. ఒకదాని మీద ఆఫ్రికా విజయగాథ అని ఉంది, ఇంకోదాని మీద ఆసియా విజయగాథ అని ఉంది. షామియానా గుడ్డ గాలికి టపటపలాడింది. కమిషనరు గారే తేరుకున్నారు.

"అంటే ఇది ఏకకాలంలో రెండు ఖండాల్లో విజయవంతమైన నమూనా!"

చప్పట్లు మోగాయి. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ ఉండాలని అక్కడికక్కడే ఒప్పందం రాసుకున్నారు.

బృందం వెళ్ళిపోయాక వానలు ముదిరాయి. మేడ కారడం మొదలైంది. మిగతా గదుల్లో కారినన్నాళ్ళు బకెట్లు పెట్టారు. కమిషనరు గారి టేబులు మీద, సంతకానికి పెట్టిన ఫైలు మీద, ఎర్రటి నీటిబొట్టు పడ్డ రోజున ఇంజనీరింగ్ విభాగం కదిలింది. భవన భద్రత దృష్ట్యా పెంపక మాధ్యమాన్ని వెంటనే తొలగించాలని ఆదేశం వచ్చింది. ఆకుపచ్చ తాడు పరాంకుశం ఆ కాగితాన్ని కళ్ళనీళ్ళతో అందించాడు. ఆయన విభాగం అక్కడితో ముగిసిపోయింది మరి.

"ఎక్కడ పొయ్యమంటారండి?" అడిగింది ధనకోటి.

"ఎక్కడ పొయ్యాలో ఆదేశంలో లేదు. భవనం మీద ఉండకూడదన్నంతవరకే ఉంది."

ధనకోటి ఆ మాట రెండోసారి చెప్పించుకుంది. తర్వాత కొంగు బిగించి, వెంకాయమ్మను, కూలీలను కేకేసి, వానలోనే పని మొదలుపెట్టింది. ఎక్కేటప్పుడు ఏడిపించిన మెట్లు దిగేటప్పుడు కొంచెం దయగా ఉన్నాయి. ట్రాక్టర్లు తుంగలగరువు చేరాయి. ఊళ్ళోవాళ్ళు ఎవరూ పిలవకుండానే పారలు పట్టుకొచ్చారు. కంచె ఒక పక్కన విప్పి, బాతు పడవను గట్టు మీదికి లాగి, గొయ్యి పూడ్చారు. భద్రం కుర్చీ వేయించుకుని కూర్చుని, "ఆ మూల ఇంకా వెయ్యండ్రా, అక్కడ పల్లం," అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. వానలు తగ్గాక ఆమె మళ్ళీ మడులు కట్టింది.

గోంగూర బెత్తెడు ఎత్తు లేచిన రోజున నీలం తాడు పరాంకుశం వచ్చాడు. విప్పిన కంచె, ఎండిన గట్టు, మధ్యలో శిలాఫలకం, దాని చుట్టూ పచ్చగా మడులు. చూస్తూ చూస్తూ కూలబడిపోయాడు.

"అమ్మా, సరస్సు ఏది?"

"ఇదేనండి."

"నీళ్ళు?"

"ఇంకిపోయాయండి."

ఆయన మొహం చూస్తే ధనకోటికే జాలేసింది. ప్రారంభించిన సరస్సు కనపడకపోతే ముందు జవాబు చెప్పుకోవలసింది ఆయనే. లేదని రాయడానికి వీల్లేదు, శిలాఫలకం మీద కమిషనరు గారి పేరుంది. కనక సరస్సు ఉన్నట్టే. ఉన్న సరస్సులో ఇదేంటి?

"మరి ఈ మొక్కలేంటమ్మా?" అన్నాడు నీరసంగా. "ఇది పంట అన్నావంటే టౌన్ ప్లానింగ్‌కి రాయాలి. ఆయన ఎలాంటివాడో నీకు తెలుసు."

ధనకోటి మడి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి మాటలు వింటూ ఉంది. ఒకటో రెండో ఆమెకూ పట్టుబడ్డాయి.

"పంటెక్కడిదండీ? కలుపు. చెరువన్నాక కలుపు లేకుండా ఉంటాదా?"

పరాంకుశం తల ఎత్తాడు. కళ్ళల్లోకి మెల్లగా వెలుగు వచ్చింది. సరస్సుల్లో కలుపు నిర్మూలనకు వాళ్ళ నిబంధనల్లో ఒక అధ్యాయమే ఉంది. కలుపు ఎక్కువగా ఉందంటే సరస్సు ఉందన్నమాట. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. కలుపును ఎప్పటికప్పుడు కోసి, గట్టు మీద కుప్ప వెయ్యకుండా, ఏ రోజుకారోజు సరస్సు పరిధి దాటించే బాధ్యత స్థానిక స్వచ్ఛంద సేవకురాలు ధనకోటికి అప్పగించడమైనదని రాసుకున్నాడు.

"రోజూ తీసెయ్యాలమ్మా. ఒక్క రోజు కూడా వదలకూడదు," అన్నాడు కటువుగా.

"అలాగేనండి. ఊరవతలికంటా మోసేత్తాను."

ఆయన సరస్సు గట్టున నడిచి, నీళ్ళు ఉండవలసిన చోటును ఒకసారి తృప్తిగా చూసి, మోటారుసైకిలెక్కాడు. ధనకోటి ఆయన చేతిలో రెండు కట్టలు కలుపు పెట్టింది. పచ్చట్లో వెల్లుల్లి ఎక్కువ వెయ్యమని ఇంట్లో చెప్పమంది.

మర్నాటి నుంచి ఆమె కేక మళ్ళీ రేవుపురం వీధుల్లో వినిపించింది. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకొచ్చి, ఇన్నాళ్ళూ ఏమైపోయావని తిట్టి, ఎక్కువ కొన్నారు.

ఆ వారంలో ఒక సాయంత్రం కట్టలు కడుతూ భద్రం అన్నాడు. "ధనం, కౌన్సిలరు గారు మంచివాడంటున్నారు. ఒక అర్జీ పెట్టుకుందామా? చెరువు తీసేసి మన చెక్కని మళ్ళీ మన పేరున పొలమని రాయిత్తాడేమో."

ధనకోటి చేతిలో కట్ట ఆగిపోయింది. వీధి చివర ఎవరిదో మోటారుసైకిలు చప్పుడు వినిపించి, దాటిపోయేదాకా ఆగింది.

"వద్దయ్యా," అంది. "రాయించుకుంటే ఆళ్ళకి కనపడద్ది."